పిన్ని కూర్చుంటే కదలని కుర్చీ

చిరంజీవి మోటార్ల పిల్లకి,

బాబాయి మనసారా దీవించి రాస్తున్నది. ఇక్కడ మేం ఒకరు పైన, ఒకరు కింద క్షేమం. నువ్వు పంపిన మోటారు, మీటల పెట్టె, పళ్ళ పట్టీ అన్నీ చేరాయి. ఫోను చేసి చెప్పొచ్చుగా అంటావేమో. ఫోనులో నాకు సగం మాటలు వినపడవు, వినపడిన సగానికి కోపం వస్తుంది. అదే కాగితమైతే మళ్ళీ మళ్ళీ చదువుకోవచ్చు. పైగా మన రెండూళ్ళ మధ్య తిరిగే బస్సు డ్రైవరు వాళ్ళ పిల్లల పుస్తకాలకి నా దగ్గరే అట్టలు కట్టించుకుంటాడు. పొద్దున్న ఇస్తే సాయంత్రానికి నీ షాపులో పడేస్తాడు.

వడ్రంగీ నేనూ కలిసి మెట్ల మీద, కటకటాల పక్కగా పట్టీ బిగించాం. కుర్చీ కింద మోటారు పెట్టాం. ఖాళీ కుర్చీని వదిలితే మహారాణిలా దిగింది. నేను కూర్చుంటే దిగింది, ఎక్కింది. వడ్రంగి కూర్చుని పాట పాడుకుంటూ దిగాడు. అప్పుడు మీ పిన్నిని కూర్చోబెట్టి, నడుముకి బెల్టు కట్టి, కాళ్ళ మీద దుప్పటి కప్పి మీట నొక్కాను. రెండు మెట్లు దిగి, కటకటాల మూడో ఊచ దగ్గర ఆగిపోయింది. మూలిగింది. కాలిన వాసన వచ్చింది. పెట్టెలో ఫ్యూజు టప్పుమంది.

నా బుర్రకి తోచిందేమిటంటే, వోల్టేజి చాలలేదు. మా బైండింగు పనిలో ప్రెస్సు కదలకపోతే ఇంకో పట్టు పడతాం. అందుకని ఫ్యూజు మార్చి వోల్టేజి మీట ఇంకాస్త తిప్పాను. అది ఇంకాస్త మూలిగింది. ఇంతకన్నా పెద్ద వోల్టేజి ఏదైనా ఉంటే పంపు.

తొందరెందుకంటావా, విను. మా వదినగారు, అదే మీ పిన్ని అక్కగారు, ఉత్తరం రాశారు. "తుంటి విరిగినదాన్ని మేడ మీద పెట్టి నువ్వు కింద పుస్తకాలు కుట్టుకుంటున్నావు. డాక్టరు ఏడాదిదాకా మెట్ల జోలికి పోవద్దన్నాడట. నెలాఖరుకి నలుగురు మనుషుల్నీ కారునీ తెస్తాను. అప్పటికి అది కింద తిరిగే ఏర్పాటు కనిపించిందా సరే. లేదంటే నా చెల్లెలు నా దగ్గరే ఉంటుంది" అని. అక్క గీసిన గీత మీ పిన్ని దాటదు. వదినగారు తీసుకెళ్ళింది తిరిగి పంపరు. రెండ్రోజులకని పట్టుకెళ్ళిన నా గొడుగు ఏళ్ళు గడిచినా ఇంకా రాలేదు.

ఈ సంగతి మీ పిన్నికి చెప్పలేదు, బెంగ పెట్టుకుంటుంది. నువ్వూ చెప్పకు.

ఇట్లు
మీ బాబాయి

తా.క. మోటారు వేడెక్కిందో లేదో చేత్తో ముట్టుకుని చూశాను. వేడెక్కింది. ఈ ఉత్తరం ఎడమచేత్తో రాస్తున్నాను.

•

బాబాయికి నమస్కారాలు,

ముందు ఆ చెయ్యి చల్లటి నీళ్ళలో పెట్టు. పెట్టావా? ఇప్పుడు చదువు.

వోల్టేజి మీట నువ్వు తిప్పావని చదివి, చేతిలో ఉన్న తీగచుట్ట పక్కన పడేసి ఇది రాస్తున్నాను. బాబాయ్, ఆగిపోయిన మోటారుకి వోల్టేజి పెంచకూడదు. ఎందుకో నీ భాషలోనే చెబుతాను. నీ ప్రెస్సు స్క్రూ ఉంది కదా. పలకలు పుస్తకాన్ని తాకనంత సేపూ వేలితో తిప్పినా తిరుగుతుంది. తాకాక భుజాలు రెండూ వెయ్యాలి. మనిషివి నువ్వే, స్క్రూ అదే. ఎదురుగా ఉన్న పుస్తకం ఎక్కువ బలం అడిగింది, అంతే. ఆ మెలిపెట్టే బలాన్నే మేం టార్క్ అంటాం. నీ కుర్చీ మోటారుకి ఆ బలం కరెంటులోంచి వస్తుంది. బరువు ఎంత అడిగితే అంత కరెంటు తాగుతుంది. వోల్టేజి చేసేది వేరే పని. ఎంత వేగంగా తిరగాలో అది చెబుతుంది.

తిరుగుతున్న మోటారు, వచ్చే కరెంటుకి తనే కాస్త అడ్డుపడుతూ ఉంటుంది. కదలకుండా ఆగిపోయిందా, ఆ అడ్డు పోతుంది. కరెంటు వరదలా వచ్చి పడి, పని చెయ్యలేక మొత్తం వేడిగా మారుతుంది. నువ్వు ముట్టుకున్నది ఆ వేడినే. అలాంటప్పుడు వోల్టేజి పెంచితే లోపలి తీగలు మాడి మసైపోతాయి. నా చేతులతో చుట్టిన తీగలు బాబాయ్!

పెట్టె మీద రెండు ముళ్ళున్నాయి. ఎడమది వోల్టేజి, దాన్ని వదిలెయ్. కుడిది కరెంటు. ఎవరెవరు కూర్చుంటే ఆ ముల్లు ఎక్కడిదాకా లేస్తోందో చూసి రాయి. పది దాటితే ఫ్యూజు పోవాలి, అలా పోతేనే మంచిది. పోతే నేను పంపినవే వెయ్యి. ఇంకేదీ వెయ్యకు.

ఇట్లు
నీ మోటార్ల పిల్ల

తా.క. "ఇంకేదీ వెయ్యకు" అన్న ముక్క ఇంకోసారి చదువు. నీ సంగతి నాకు తెలుసు.

•

చిరంజీవి మోటార్ల పిల్లకి,

దీవెనలు. నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. అంతా అర్థమైంది. బరువు ఎంత అడిగితే మోటారు అంత కరెంటు తాగుతుంది. అంటే తప్పు మోటారుది కాదు, మీ పిన్ని బరువుది. ఇంత చిన్న విషయం నాకు ముందే తట్టలేదు చూడు!

వెంటనే రంగంలోకి దిగాను. కుర్చీ మీద దిండు తీసేశాను. ఆవిడ గాజులు, తాళంచెవుల గుత్తి తీయించాను. "కళ్ళజోడు కూడా తియ్యనా?" అని వెటకారంగా అడిగింది. తియ్యమన్నాను. మధ్యాహ్నం భోజనం సగానికి తగ్గించాను. అప్పటినుంచి నాతో మాట్లాడ్డం లేదు. కంచం నా వైపు తోసేసి కిటికీలోంచి చూస్తూ కూర్చుంది. తుంటి విరిగాక రోజుకి ఇన్నిసార్లు కాఫీ పట్టుకుని పైకెళ్తున్నానే, కాసేపు పక్కన కూర్చుని కబుర్లు చెబుతున్నానే, అదంతా బూడిదలో పోసిన పన్నీరైంది.

నువ్వు అడిగిన లెక్క ఇదిగో. ఖాళీ కుర్చీకి ముల్లు రెండు దగ్గర. నేను ఎక్కేటప్పుడు ఆరు, దిగేటప్పుడు మూడు. మీ పిన్ని దిగేటప్పుడు మొదటి రెండు మెట్లూ మూడే. మూడో ఊచ దగ్గర మాత్రం ముల్లు ఎగిరి చివర కొట్టుకుంటోంది. నువ్వు పంపిన ఫ్యూజులన్నీ అయిపోయాయి. నీ మాట నాకు గుర్తుంది. కానీ గతిలేక పుస్తకాలు కుట్టే ఇనప తీగ రెండు పేటలు మెలేసి పెట్టాను. అది పోలేదు. మన సరుకు గట్టిది. మోటారులోంచి మాత్రం సన్నగా పొగ వచ్చింది.

ఇంకో పిడుగు. వదినగారు మళ్ళీ రాశారు. కారు ముందే దొరికిందట, ఈ ఆదివారమే వస్తున్నారు. గోరుచుట్టు మీద రోకటిపోటు. మేడ మీద ఆవిడ మాటలు లేకుండా ఈ ఇంట్లో నేనేం చెయ్యను చెప్పు? ఏదైనా ఉపాయం చూడు తల్లీ.

ఇట్లు
మీ బాబాయి

తా.క. ఒక వింత. కిందికి రానని మొరాయించే కుర్చీ, అక్కడే వెనక్కి తిప్పి పైకి పొమ్మంటే మాత్రం చకచకా వెళ్ళిపోతోంది. ఇది ఎవరి పోలికో నీకు చెప్పక్కర్లేదు.

•

బాబాయికి నమస్కారాలు,

ఉత్తరం చదువుతుండగానే లేచి ఆ ఇనప తీగ తీసెయ్. మిగతాది తర్వాత చదువుకోవచ్చు.

ఫ్యూజు అంటే తను కాలిపోయి ఇల్లు కాలకుండా చూసేది. కాలిపోని ఫ్యూజుని చూసి మురిసిపోయే మనిషివి నువ్వొక్కడివే. మనిషి కూర్చున్న కుర్చీ కింద పొగ వస్తుంటే "మన సరుకు గట్టిది" అని రాస్తావా! ఈ ఉత్తరంతో మంచి ఫ్యూజులు పంపుతున్నాను. పొగ వచ్చినా ఇంకా తిరుగుతోందంటే నా మోటారు అదృష్టం. మళ్ళీ మళ్ళీ ఆ అదృష్టం ఉండదు.

పిన్నికి కడుపునిండా పెట్టు. దిండు, గాజులు, తాళంచెవులు, కళ్ళజోడు అన్నీ తిరిగి ఇచ్చెయ్. నువ్వు లెక్క సగమే అర్థం చేసుకున్నావు. ఎక్కేటప్పుడు బరువు మోటారుకి ఎదురు. దిగేటప్పుడు అదే బరువు సాయం. నువ్వు రాసిన అంకెలే చూడు. నీకు ఎక్కడానికి ఆరు, దిగడానికి మూడు. పిన్ని నీకన్నా తేలిక. దిగేటప్పుడు ఆవిడ బరువు వల్ల ముల్లు మూడు దాటి లేవనే లేవదు. లేచిందంటే అక్కడేదో కుర్చీని వెనక్కి పట్టి ఆపుతోంది.

పట్టీ అక్కడ వంగిందా? పళ్ళ మధ్య మేకు ఏదైనా ఇరుక్కుందా? చూడు. తర్వాత పిన్నిని దింపి, ఆవిడ బరువుకి తగ్గకుండా కాగితం రీములు కుర్చీలో పెట్టి కట్టి పంపించు. అక్కడ ఆగితే తప్పు పట్టీది. ఆగకపోతే నాకు రాయి, ఆలోచిద్దాం. అప్పటిదాకా పిన్నిని కుర్చీ ఎక్కించకు.

ఇట్లు
నీ మోటార్ల పిల్ల

తా.క. కళ్ళజోడు బరువెంతని తీయించావు బాబాయ్? తూచావా?

•

చిరంజీవి మోటార్ల పిల్లకి,

దీవెనలు. ఇవాళ శనివారం. ఈ ఉత్తరం నీకు అందేసరికి సాయంత్రమవుతుంది. రేపు పొద్దున్నే వదినగారి కారు.

"ఏదో వెనక్కి పట్టి ఆపుతోంది" అని నువ్వు రాశావు చూడు, అక్కడ నాకు బల్బు వెలిగింది. పట్టీ బిగించింది ఎవరు? వడ్రంగి. వాడి వదినా మా వదినగారూ చిన్నప్పుడు ఒకే బడి. పిలిచి, "మెట్ల దగ్గర ఏం మెలిక పెట్టావురా, మా వదిన ఏం చెప్పింది నీకు?" అని నిలదీశాను. గుమ్మడికాయ దొంగంటే భుజాలు తడుముకున్నట్టు కంగారుపడ్డాడు. తర్వాత కోపమొచ్చి ఉలి, బాడిస సర్దుకుని వెళ్ళిపోయాడు. పట్టీ మొత్తం నేనే తడిమి చూశాను. నున్నగా ఉంది. మేకూ లేదు, వంకా లేదు.

కాగితం రీములు కట్టి పంపాను. మీ పిన్నికన్నా బరువే పెట్టాను. మూడో ఊచ దాటి, కిందిదాకా చీమ కుట్టినట్టైనా లేకుండా దిగింది. ముల్లు మూడు కూడా దాటలేదు! ఆనందం పట్టలేక నువ్వు వద్దన్నా వినకుండా మీ పిన్నిని ఎక్కించాను. మూడో ఊచ. టప్. నువ్వు పంపిన మంచి ఫ్యూజు.

కాగితానికి కదిలే కుర్చీ కట్టుకున్నదానికి ఎందుకు కదలదు? నాకు పిచ్చెక్కుతోంది. ఆవిణ్ణి తీసుకెళ్ళిపోతే పొద్దున్న లేచి ఎవరికోసం కాఫీ పెట్టాలి? నేను పెట్టే కాఫీ బంకలా ఉంటుందని తిట్టేవాళ్ళు కూడా ఉండరు. ఇన్నేళ్ళూ ఇంట్లోనే ఉంది కదా, ఎక్కడికి పోతుందిలే అని కింద నా పని నేను చూసుకున్నాను. ఇప్పుడు పోతుందంటే తెలుస్తోంది.

ఒకటే నిర్ణయించుకున్నాను. రేపు వదినగారు వచ్చేలోగా ఇనప తీగ మళ్ళీ పెట్టి, వోల్టేజి మీట చివరిదాకా తిప్పేస్తాను. నిండా మునిగినవాడికి చలేమిటి? కదిలితే కదులుతుంది, లేదా నీ మోటారూ నేనూ ఒకేసారి మాడిపోతాం. నన్ను తిట్టకు.

ఇట్లు
మీ బాబాయి

తా.క. ఉక్కపోసి చస్తుంటే కూడా మీ పిన్ని దుప్పటి లేనిదే కుర్చీ ఎక్కనంటోంది. చేతికర్ర కూడా దుప్పటిలోనే పెట్టుకుని కూర్చుంటోంది. పాపం, బాగా భయపడుతున్నట్టుంది.

•

బాబాయ్,

నమస్కారాలవీ తర్వాత. మీట ముట్టుకోకు. తీగ ముట్టుకోకు. నీకు ఫోను చేశాను. "అట్టలు సోమవారానికే ఇస్తా, పోరు పెట్టకండి" అని పెట్టేశావు. రెండోసారి చేస్తే ఎత్తనేలేదు. డ్రైవరు రేపు తొలి బస్సు తీస్తాడట, అతనికి దణ్ణం పెట్టి ఇది ఇస్తున్నాను.

నీ తాజాకలాలు మూడూ పక్కపక్కన పెట్టుకుని చదివాను. కాగితాలకి దిగుతోంది. నీకు దిగుతోంది. పిన్నికి మాత్రం మూడో ఊచ దగ్గర ఆగుతోంది. వెనక్కి తిప్పితే చకచకా ఎక్కుతోంది. అంటే ఆపేది పట్టీలో లేదు, మోటారులో లేదు, బరువులో లేదు. కుర్చీలోనే ఉంది. ముల్లు అబద్ధం చెప్పదు బాబాయ్. ఎవరు ఎంత గట్టిగా కాదంటున్నారో అంతే చూపిస్తుంది.

దుప్పటి తియ్యి. పిన్ని చేతికర్రకి వంపు తిరిగిన పిడి ఉంది కదా. ఆ వంపు ఎక్కడ తగిలించి ఉందో చూడు. మూడో ఊచకే తగిలించి ఉంటుందని నా పందెం. దిగేటప్పుడు కొక్కెంలా పట్టుకుంటుంది, ఎక్కేటప్పుడు జారి వచ్చేస్తుంది. ఇంటిదొంగని ఈశ్వరుడైనా పట్టలేడంటారు. నీ ముల్లు పట్టుకుంది.

చూశాక అరవకు, నీకు దణ్ణం పెడతాను. వాళ్ళక్కగారు కారు తెచ్చి ఆవిణ్ణి తీసుకెళ్ళిపోతుందని నువ్వు ఇన్నాళ్ళూ లోలోపల చస్తున్న సంగతి పిన్నికి తెలియదు కదా. అదేదో ముందు చెప్పు. తర్వాత, ఎందుకు పట్టుకున్నావని మెల్లగా అడుగు.

ఇట్లు
నీ మోటార్ల పిల్ల

తా.క. వడ్రంగికి క్షమాపణ చెప్పు. కాఫీ మాత్రం ఇవ్వకు.

•

చిరంజీవి మోటార్ల పిల్లకి,

పిన్ని దీవించి రాస్తున్నది. నా అక్షరాలు చూసి కంగారుపడకు. ఎవరూ మాడిపోలేదు.

నీ ఉత్తరం నా చేతికొచ్చింది. ఆదివారం పొద్దున్న మీ బాబాయి మొహం వేలాడేసుకుని "ఇప్పుడే వస్తా" అని వీధి చివరికెళ్ళారు. ఎందుకో చెప్పలేదు. డ్రైవరు కింద కేకేస్తే బుట్ట వదిలి పైకి లాగాను. ఇంకొకరి ఉత్తరం చదవకూడదంటావా? ఈ ఇంట్లో ఇన్నేళ్ళూ ఉత్తరాలన్నీ చదివి వినిపించింది నేనే. ఈ మధ్యే ఆయన చొక్కాలో దాచుకోవడం మొదలుపెట్టారు. ఏ రోగమో దాస్తున్నారని నేను హడలిపోతున్నాను.

చదివాను. పందెం నువ్వే గెలిచావు. మూడో ఊచే.

భయంతో కాదే. నీ మోటారు మీద నాకు నమ్మకమే. నీకు ఒక మాట చెబుతాను, నవ్వకు. పెళ్ళయినప్పటినుంచీ మీ బాబాయి పొద్దున్న కిందికి దిగితే మళ్ళీ రాత్రి భోజనానికే మనిషి. కిందే నేను వంటింట్లో, ఆయన ప్రెస్సు దగ్గర. మధ్యలో గోడ. "ఉప్పు తక్కువైంది", "దీపం ఆర్పు", ఇవే మా కబుర్లు. నా తుంటి విరిగాక ఆయన మాట్లాడ్డం మొదలుపెట్టారు. ఆ బంక కాఫీ పట్టుకుని ఆయాసపడుతూ వచ్చి పక్కన కూర్చుని, ఎవరు ఏ పుస్తకం తెచ్చారో, ఏది చెదలు తిన్నదో చెబుతుంటే నాకు ప్రాణం లేచొచ్చేది. ఆ కాఫీ కూడా తాగాను, చూసుకో ఎంత ప్రేమో! కిందికి దిగితే మళ్ళీ గోడ. అందుకే కర్ర తగిలించాను. ఫ్యూజు టప్పుమన్నప్పుడల్లా తప్పు చేస్తున్నానని తెలుసు. నీ మోటారుకి పొగొచ్చిన రోజు ఏడ్చాను కూడా.

అక్కయ్య కారు సంగతి ముందే తెలిస్తే మొదటిరోజే దిగిపోయేదాన్ని. నేను బెంగ పెట్టుకుంటానని ఆయన కారు సంగతి దాచారు, నేను ఆయనకి తెలియకుండా కర్ర దాచాను. ఇద్దరం కలిసి నీ మోటారుని చంపబోయాం.

ఉత్తరం మడిచి, కళ్ళజోడు పెట్టుకుని, పెట్టెలో నువ్వు పంపిన ఫ్యూజు ఒకటి వేసి, నేనే కుర్చీలో కూర్చుని బెల్టు పెట్టుకున్నాను. కర్ర ఒళ్ళో అడ్డంగా పెట్టుకుని మీట నొక్కాను. మూడో ఊచ వచ్చింది, వెళ్ళింది. ముల్లు రెండున్నర దగ్గర బుద్ధిగా ఉంది. ఆయన, అక్కయ్య, ఆ నలుగురూ లోపలికొచ్చేసరికి నేను ప్రెస్సు పక్క బల్ల దగ్గర కూర్చుని కాగితాలు మడతపెడుతున్నాను. మీ బాబాయి ముందు నన్ను చూడలేదే! కుర్చీ దగ్గరికి పరిగెత్తి ముల్లు చూశారు. తర్వాత నన్ను చూశారు. తర్వాత కాగితం కట్ట మీద కూలబడి చిన్నపిల్లాడిలా ఏడ్చారు. అక్కయ్య కూడా ముక్కు తుడుచుకుంది. ఖాళీగా తిరిగెళ్ళడం ఇష్టంలేక కుర్చీలో కూర్చుని పైకీ కిందికీ తిరుగుతూ మధ్యాహ్నందాకా దిగలేదు. వెంట తెచ్చిన నలుగురూ తమ వంతు కోసం వరసలో నిలబడ్డారు.

రోజూ పొద్దున్నే దిగుతున్నాను. మడతలు నావి, కుట్టు ఆయనది. కబుర్లు ఆగలేదు. కాఫీ మాత్రం నేను పెడుతున్నాను. వడ్రంగికి కూడా ఒక గ్లాసు ఇచ్చి క్షమాపణ చెప్పించాను. కర్ర సంగతి ఆయనకి చెప్పలేదు. శనివారం రాత్రి తను పట్టీకి నూనె రాసినందువల్లే కదిలిందని ఆయన ఊరంతా చెప్పుకుంటున్నారు. నువ్వూ చెప్పకు. నీ ఆఖరి ఉత్తరాన్ని ఒక పుస్తకం వీపుకి బంక రాసి అంటించేశాను. ఇక ఎవరికీ దొరకదు.

ఇట్లు
మీ పిన్ని

తా.క. సాయంత్రం ఆయన మెట్లెక్కి నాకన్నా ముందు పైకెళ్ళి నాకోసం నిలబడుతున్నారు. మోకాళ్ళ నొప్పులంటున్నారు. కుర్చీ కాస్త వెడల్పు చేస్తానని వడ్రంగి అన్నాడు. ఇద్దరం కలిసి కూర్చుంటే ఎక్కేటప్పుడు ముల్లు ఎంతదాకా లేస్తుందో లెక్క కట్టి, దానికి తగ్గ మోటారు ఒకటి చుట్టి పంపు. దిగేటప్పటి సంగతి నువ్వు చూడక్కర్లేదు. అప్పుడు బరువు సాయమేనని, ఆయన చొక్కాలో దొరికిన ఉత్తరంలో నువ్వే రాశావుగా.